చెవిమేస్త్రి ట్యాబు

ఆస్పత్రి బట్టలుతికే విభాగంలో ఆమెను అందరూ మడతమ్మ అనేవారు. ఆరిన దుప్పటిని ఒక్కతే గాల్లోకి విసిరి, అది బల్ల మీదికి దిగేలోగా నాలుగు మడతలు పెట్టేది. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగేది. ఇంటికొచ్చి అత్తగారికి పెట్టి, తానూ తిని, రెండింటికి చాప మీద వాలితే నాలుగున్నర దాకా ఒళ్ళు తెలిసేది కాదు. అంత మొద్దునిద్ర తనకు ముందు లేదని, భర్త పోయాకే పట్టుకుందని ఆమె చాలా రోజుల వరకు గమనించలేదు.

భర్త లిఫ్టు మెకానిక్కు. తోటివాళ్ళు చెవిమేస్త్రి అని పిలిచేవారు. పానాల పెట్టె తెరవకముందే గోడకు చెవి ఆనించి, ఇది దగ్గుతోంది, ఇది గురక పెడుతోంది, దీని మూలుగు చూస్తే పై చక్రం అరిగినట్టుంది అని చెప్పేసేవాడు. విన్నదాన్ని ట్యాబులో రికార్డు చేసుకోవడం ఆయన అలవాటు. ముందు తన గొంతుతో చోటు, టైము, ఏం వినబడుతోందో చెప్పేవాడు. ఆ తర్వాత ఒక నిమిషం వట్టి చప్పుడు. ఇంట్లో మాత్రం పెద్దగా మాట్లాడేవాడు కాదు. రోజంతా వినే మనిషికి మాటలెక్కడ మిగులుతాయని తల్లి వెనకేసుకొచ్చేది.

ఎనిమిది నెలల కిందట ఒక పెద్ద భవనం పైకప్పు మీది మోటారు గదిలో ఆయన గుండె ఆగిపోయింది. పనిముట్ల సంచీతో పాటు ట్యాబు కూడా ఇంటికి చేరింది. దానికి తొమ్మిది చుక్కలను ఒక గీతతో కలిపితే తెరుచుకునే తాళం ఉంది. ఆ గీత ఏమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. మడతమ్మ మొదటి వారమంతా కూర్చుని నిలువుగా, అడ్డంగా, మూలగా ఎన్నో గీతలు గీసి చూసింది. తెరుచుకోలేదు. అలిసిపోయి గోడ అలమర పై అరలో పెట్టేసింది.

ఆమెకు కావలసిందల్లా ఆయన గొంతు. ఇంట్లో ఉన్న వీడియోలన్నీ ఆయన తీసినవే, ఏ ఒక్కదాంట్లోనూ ఆయన మాట లేదు. రోజులు గడిచేకొద్దీ ఆ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడం కష్టమైపోతోందని ఆమెకు దిగులు పట్టుకుంది. చివరికి ఒకరోజు డ్యూటీ దిగి, ట్యాబు పట్టుకుని వీధి చివర రేడియో బాబాయి దగ్గరికి వెళ్ళింది.

రేడియో బాబాయి రేడియోలు బాగుచేయడం మానేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడన్నీ ఫోన్లూ ట్యాబులే. పేరు మాత్రం వదల్లేదు. ఆయన ట్యాబును తిరగేసి, మోడలు నంబరు చదివి, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. తాళం తీస్తే సరిపోదట. ఆ రికార్డులన్నీ మామూలుగా కనబడే చోట కాకుండా, రికార్డు చేసే ఆప్ తన సొంత గదిలో దాచిపెట్టుకుంటుందట.

"ఇల్లు మనదేనమ్మా. కానీ కంపెనీ వాడు మనల్ని ముందు గదిలోనే కూర్చోబెడతాడు. వెనక గదులన్నీ చూడాలంటే రూటు చెయ్యాలి. అప్పుడు ఇంటిపెద్ద మనమే. ఏ ఫైలైనా తియ్యొచ్చు," అన్నాడాయన.

కొత్త మోడలైతే అలా చేయబోగానే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోయేదని, ఇది పాతది కావడం అదృష్టమని, పాతవాటికి ఒక దొడ్డిదారి ఉందని చెప్పాడు. వెళ్ళబోతుంటే ఆపి, లోపల ఏమున్నా తన కంట పడుతుంది, అభ్యంతరం లేదు కదా అని అడిగాడు. ఆయన బతుకులో లిఫ్టులు తప్ప ఇంకేం లేవు బాబాయ్ గారూ అని ఆమె నవ్వింది. నవ్వి చాలా రోజులైందని అప్పుడే తోచింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది. బాబాయి ఆమె ముఖంలోకి చూడకుండా స్టూలు జరిపాడు. ట్యాబును కంప్యూటరుకు తగిలించి ఉంచాడు. ఆమె పని అయిందా అని అడగకముందే తనే మొదలుపెట్టాడు. ట్యాబు ఎక్కడ పెట్టేవారు? ఇంట్లో ఎవరెవరుంటారు? అలమరలో ఏడెనిమిది నెలలు మూలపడి ఉన్న వస్తువు తన చేతికొచ్చేసరికి తొంభై శాతం ఛార్జింగుతో ఎలా ఉంది?

ఇంట్లో తానూ అత్తగారూ తప్ప ఎవరూ లేరని, అత్తగారికి చూపు సరిగా ఆనదని ఆమె చెప్పింది. ఛార్జింగు సంగతి తనకు తెలియదంది.

"మీ ఆయన ఇందులో ఒక కాపలా ఆప్ పెట్టుకున్నాడమ్మా. ఎవరైనా తప్పు గీత గీస్తే చడీచప్పుడు లేకుండా ముందు కెమెరాతో వాళ్ళ ఫోటో తీసి దాచేస్తుంది. సైట్లో ఎవరైనా ముట్టుకుంటారని పెట్టి ఉంటాడు," అని బాబాయి తెర ఆమెవైపు తిప్పాడు.

మొదట ఆమె ముఖమే. ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, జుట్టు రేగిపోయి, పెదవి కొరుక్కుంటూ. అవి ఆ మొదటి వారంలోవి. ఆమెకు సిగ్గేసింది. బాబాయి కిందికి జరుపుతూ పోయాడు. మధ్యలో పదిహేను రోజులు ఏమీ లేవు. ఆ తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. మళ్ళీ ఆమె ముఖమే. కానీ ఇప్పుడు ఆ ముఖం ప్రశాంతంగా ఉంది. జుట్టు ఒకవైపు చెంపకు అంటుకుని ఉంది. చెంప మీద చాప అచ్చులున్నాయి.

కళ్ళు మూసి ఉన్నాయి.

ఆమె రెప్పపాటులో తీసిన ఫోటో అనుకుంది. బాబాయి ఒక్కొక్కటే జరిపాడు. అన్నిటిలోనూ మూసే ఉన్నాయి. రోజుకు నాలుగైదు చొప్పున, ఇరవై మూడు రోజులు. ప్రతి ఫోటో కింద టైము ఉంది. మధ్యాహ్నం రెండూ ముప్పై ఎనిమిది. రెండూ నలభై. రెండూ నలభై ఒకటి.

ఆ టైముకు తాను చాప మీద నిద్రలో ఉంటానని ఆమె చెప్పబోయింది.

ఇరవై మూడు రోజుల తర్వాత ఫోటోలు ఆగిపోయాయని బాబాయి చెప్పాడు. మానేశావేమో అనుకున్నాను, తర్వాత రికార్డుల గది తెరిచాక తెలిసింది, ఇరవై నాలుగో రోజు నుంచి గీత సరిగ్గా పడుతోంది అన్నాడు. తప్పు గీతకే ఫోటో. సరైన గీతకు తీయదు.

ముందు ఆయనవి వినమ్మా అని చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చాడు. అవి రెండు వందలకు పైగా ఉన్నాయి. మొదటిది నొక్కగానే ఆ గొంతు చెవిలోకి వచ్చేసింది. కొంచెం బొంగురుగా, ప్రతి మాటకూ ముందు ఆగి, నేల చూసి అడుగేసినట్టు.

"ఆస్పత్రి వెనక లిఫ్టు. పొద్దున తొమ్మిదింపావు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు మూడో అంతస్తు దగ్గర చిన్న దగ్గు."

అది ఆమె రోజూ బట్టల తోపుడుబండితో ఎక్కే లిఫ్టు. ఆయన అక్కడికి వచ్చి వెళ్ళినట్టు కూడా ఆమెకు తెలియదు. తలొంచుకుని ఒకదాని తర్వాత ఒకటి వింటూ కూర్చుంది. కాసేపటికి బాబాయి మెల్లగా, కింద ఇంకో నూట అరవై ఉన్నాయమ్మా, ఆయన పోయిన తర్వాతవి అన్నాడు. నీవి. వినాలనుకుంటే విను, లేదంటే ఇప్పుడే చెరిపేస్తాను.

ఆమె వింది.

"ఇల్లు. మధ్యాహ్నం రెండూ నలభై. ఫ్యాను. బేరింగు అరిగింది. నెలకు మించి తిరగదు."

గొంతు ఆమెదే. మాట తీరు ఆమెది కాదు. ప్రతి మాటకూ ముందు ఆ ఆగడం, ఆ నేల చూసుకోవడం. ఆ తర్వాత ఒక నిమిషం పాటు ఫ్యాను చప్పుడు, ఆ చప్పుడు వెనక తన ఊపిరి. ఆ ఫ్యాను వేసవి మధ్యలో ఆగిపోయింది, ఆమె బాగు చేయించింది కూడా. తేదీ చూసింది. రికార్డు అంతకు నాలుగు వారాల ముందుది.

"ఇల్లు. రెండూ నలభై. ఫ్రిజ్జు. బాగానే ఉంది. వయసు మళ్ళింది, అంతే."

"ఇల్లు. రెండూ నలభై రెండు. వీధి తలుపు. అవతల ఎవరూ లేరు." ఆ తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం. తలుపుకు చెంప ఆనించినట్టు చెక్క మీద చర్మం రాసుకున్న చిన్న చప్పుడు.

ఆమె చెవుల్లోంచి తీసేద్దామనుకుని కూడా వేలు కిందికి జరుపుతూ పోయింది. కుళాయి. గోడ గడియారం. గ్యాసు పొయ్యి. ఇంట్లో ఉన్న వస్తువులన్నిటి దగ్గరికీ తాను కళ్ళు మూసుకుని వెళ్ళి, నిలబడి, విని, చెప్పి వచ్చింది. అన్నిటికంటే చివరిది తొమ్మిది రోజుల కిందటిది.

"అమ్మ. మంచం మీద. రెండూ ముప్పై తొమ్మిది. ఎడమవైపు అడుగున నీళ్ళ చప్పుడు. చూపించాలి."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళలో ఆమె అత్తగారిని ఒక్కసారి కూడా అమ్మా అని పిలవలేదు.

ట్యాబు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తింది. అత్తగారు మంచం మీద గోడకు చేరబడి కూర్చుని ఉంది. ఈమధ్య పడుకోవడం మానేసి అలా కూర్చునే కునుకు తీస్తోందని మడతమ్మ చూస్తూనే ఉంది, కానీ పట్టించుకోలేదు. ఆయాసంగా ఉందా అని అడిగితే ముసలిదానికి ఆయాసం కాక పరుగుపందేలుంటాయా అంది. మడతమ్మ వినలేదు. చెప్పులైనా సరిగా తొడగనివ్వకుండా ఆస్పత్రికి తీసుకుపోయింది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వీపు మీద వేళ్ళతో తట్టి చూసి, ఎక్స్‌రే తీయించింది. ఎడమ ఊపిరితిత్తి అడుగున నీరు చేరింది. సూది గుచ్చి తీశారు. రెండు సీసాలు నిండాయి. ఇంకో వారం పదిరోజులు ఆలస్యమైతే మాట వేరేగా ఉండేదని డాక్టరమ్మ చెప్పి, పైకి ఏమీ కనబడదు కదా, ఎలా పసిగట్టారని అడిగింది. చప్పుడు వినబడిందని చెప్పి మడతమ్మ తల దించుకుంది. డాక్టరమ్మ ఆమెను ఒక క్షణం పరీక్షగా చూసింది గానీ రెట్టించలేదు.

అత్తగారు ఎనిమిది రోజులకు ఇంటికొచ్చింది. కుండకు చిల్లు పడితే నీళ్ళు పోతాయని ఏడుస్తారు, నాకు చిల్లు పెట్టించి మరీ పారబోయించింది మా కోడలు అని చూడ్డానికి వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వించింది. వాళ్ళంతా వెళ్ళాక మడతమ్మ తలుపు వేసి మంచం పక్కన కూర్చుంది. తాను నిద్రలో లేస్తున్న సంగతి తెలుసా అని అడిగింది.

అత్తగారు దుప్పటి అంచు వేళ్ళతో నలిపింది. తెలుసంది. మొదట దొంగలనుకుందట. తర్వాత అడుగుల చప్పుడు బట్టి పోల్చుకుందట. నిద్రలో నడిచేవాళ్ళను లేపకూడదంటారు, అందుకే ఊరుకున్నానంది. ఛార్జింగు కూడా నేనే పెట్టేదాన్నని చెప్పింది. తడుముకుంటూ పెట్టేదట.

"ఎందుకత్తయ్యా?"

"నువ్వు మాట్లాడేది వింటుంటే వాడు డ్యూటీ నుంచి వచ్చి గదిలో తిరుగుతున్నట్టుండేది. కళ్ళు లేనిదానికి గొంతు ఎవరిదైతేనేం? మాట వాడిది."

మడతమ్మకు కోపం వచ్చింది, భయమూ వేసింది. రెండిటిలో ఏది ముందో తేల్చుకోలేకపోయింది. ఇకమీదట తాను నిద్రలో లేవగానే తట్టి లేపాలని, లేపితే ఏమీ కాదని తానడిగితే డాక్టరమ్మ కూడా చెప్పిందని గట్టిగా చెప్పి మాట తీసుకుంది. అత్తగారు సరేనంది. బాబాయి దగ్గర్నుంచి ట్యాబు తెచ్చుకుని, ఆయన రికార్డులు మాత్రం ఉంచి, తనవన్నీ చెరిపించి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి దారంతో మెడలో వేసుకుంది.

మూడు వారాలు ఏమీ జరగలేదనే అనుకుంది. నిద్ర మాత్రం అలాగే పట్టేది, బావిలో రాయి పడ్డట్టు. నాలుగో వారంలో ఒక సాయంత్రం అత్తగారు మందు వేసుకుని కునుకు తీస్తుంటే, ఆయన గొంతు వినాలనిపించి పెట్టె తెరిచింది. ఫైళ్ళ వరసలో అన్నిటికంటే పైన కొత్తది ఒకటి ఉంది. ఆ రోజుదే. రెండూ నలభై.

మెడ తడుముకుంది. తాళంచెవి మెడలోనే ఉంది. దారానికి వేసిన ముడి తాను వేసిన చోట కాకుండా వెనక్కి ఉంది.

రేకు కుర్చీని వంటింట్లోకి లాక్కుని, తలుపు దగ్గరగా వేసి, నొక్కింది. ఈసారి చోటూ టైమూ లేవు. ముందు అత్తగారి గొంతు, గుసగుసగా.

"తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"ఎక్కడున్నావు?"

"పైన. మోటారు గదిలో."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే. ఇక్కడ చప్పుడు బాగుంది."

తన గొంతు మగవాడిలా పలకడం విని మడతమ్మ రెండు చేతులతో ట్యాబును దూరంగా పట్టుకుంది, అయినా ఆపలేదు. అత్తగారి గొంతు ఇంకా దగ్గరికి జరిగింది. మంచం దిగి వచ్చినట్టుంది.

"నొప్పి పుట్టిందా నాన్నా?"

జవాబు లేదు. ఫ్యాను తిరుగుతోంది. అత్తగారు మళ్ళీ అడిగింది. మళ్ళీ ఫ్యాను. మూడోసారి అడిగేటప్పుడు ఆమె గొంతు జీరపోయింది. ఆ తర్వాత ఎవరో ఎవరినో చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్తున్న అడుగులు, చాప సర్దిన చప్పుడు, అంతే.

మడతమ్మ గదిలోకి వెళ్ళేసరికి అత్తగారు లేచే ఉంది. వంటింటి తలుపు అంత మందమైనదేం కాదు.

"మాట తప్పాను, ఏమైనా అను," అంది అత్తగారు.

"నాకు భయంగా ఉందత్తయ్యా. నా నోట్లోంచి ఎవరు మాట్లాడుతున్నారో నాకే తెలీడం లేదు."

"నువ్వే. నాకు తెలీదనుకున్నావా? వాడైతే నేనడిగింది చెప్పకుండా పోయేవాడా? నువ్వు కనకే ఆ ఒక్కటి దగ్గర ఆగిపోయావు. వాడు కాదని తెలిసే అడిగాను. అడగడానికి ఇంకెవరున్నారు నాకు?"

మడతమ్మకు అప్పుడు తట్టింది. ఈ ఎనిమిది తొమ్మిది నెలల్లో తామిద్దరూ ఆయన పోయిన రోజు గురించి ఒక్క మాట అనుకోలేదు. అత్తగారు బాధపడుతుందని ఈమె ఎత్తలేదు. కోడలు బాధపడుతుందని ఆమె అడగలేదు. తనకు తెలిసిందంతా మడతమ్మ తనలోనే మూటగట్టుకుని ఉంచుకుంది. మోటారు గదిలోకి మొదట వెళ్ళిన తోటి మెకానిక్కు ఆ రోజే ఆస్పత్రి వరండాలో ఆమెకు అంతా చెప్పాడు.

దీపం వేయలేదు. మంచం మీద అత్తగారి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని చెప్పింది.

"నొప్పి పుట్టలేదని చెప్పలేను. కానీ పడిపోలేదట. గోడకు ఆనుకుని కూర్చున్నాడట, తల మోటారు వైపు వాల్చి. వింటున్నాడేమోనని ఆ అబ్బాయి గుమ్మంలోనే నిలబడి చాలాసేపు ఆగాడట, మధ్యలో మాట్లాడిస్తే మీవాడికి కోపం కదా. ట్యాబు ఒళ్ళోనే ఉందట."

అత్తగారు ఏడవలేదు. చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఏ చొక్కా వేసుకున్నాడని అడిగింది. నీలం గళ్ళదని మడతమ్మ చెప్పింది. చెప్పులు విప్పాడా అంది. విప్పి పక్కన పెట్టుకున్నాడట. ఆ అబ్బాయి పేరుపెట్టి పిలిచాడా? పిలిచాడట, రెండుసార్లు. కిటికీలో వెలుతురు పోయి, ఒకరి ముఖం ఒకరికి కనబడనంత దాకా అలా ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది, ఈమె ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. కొన్ని చెప్పేటప్పుడు ఆగాల్సి వచ్చింది.

"వాడికి మనం గుర్తొచ్చి ఉంటామా?" అని అడిగింది అత్తగారు చివరికి.

"అది నాకు తెలీదత్తయ్యా," అంది మడతమ్మ.

అత్తగారు ఊఁ అంది. తెలియదన్న మాటకు ఆమె నొచ్చుకున్నట్టు లేదు. నిద్రలో మనిషి ఇవ్వని జవాబు కంటే మెలకువలో మనిషి తెలీదనడమే నయమనుకుందో ఏమో, లేచి కూర్చుని తనంతట తనే మంచినీళ్ళు అడిగింది. మడతమ్మ దీపం వేసి గ్లాసు అందించింది. ఆ రాత్రి ఇద్దరూ పెందలాడే పడుకున్నారు.